నార్వే భాషలో పెళ్లికీ విషానికీ ఒకే మాట

నార్వే భాషలో ‘యిఫ్ట్’ (ఇంగ్లీషు గిఫ్ట్‌లాగే gift అని రాస్తారు) అంటే పెళ్లయినవారని అర్థం. విషం పేరు కూడా యిఫ్టే. రాతలోనూ పలుకులోనూ తేడా లేదు. ఇది చూసి సంసారం విషమని పూర్వులే తేల్చారని సరదాకి అంటారు కానీ, పదచరిత్ర ఆ మాట చెప్పదు. రెండూ ‘ఇవ్వడం’ నుంచే పుట్టాయి. అయితే భాషలోకి వేరువేరు దారుల్లో చేరాయి.

పెళ్లి మాట ఆ నేలదే. నార్వే భాషకు మూలమైన పాత నార్స్ భాషలో ‘గెఫ’ అంటే ఇవ్వడం, ‘గిప్త’ అంటే పిల్లనివ్వడం. మనం ‘ఫలానా ఇంటికి పిల్లనిచ్చాం’ అంటామే, అచ్చంగా అదే. పిల్లనిచ్చే హక్కు తండ్రిది, ఆయన లేకపోతే దగ్గరి బంధువుది. వరుడు ‘ముంద్’ అనే ఓలి చెల్లించేవాడు. పుట్టింటివాళ్లు అరణం ఇచ్చి పంపేవాళ్లు.

అసలు విశేషం తర్వాతి మార్పులో ఉంది. ఆనాటి వాక్యంలో ఇచ్చేవాడు తండ్రి, ఇవ్వబడేది కూతురు. ఇప్పటి వాడుక ‘యిఫ్టె సై’, అంటే తనను తాను ఇచ్చుకోవడం. ఆడవారికీ మగవారికీ అదే క్రియ. తండ్రి స్థానం వాక్యంలోంచే తప్పుకుంది. 2009లో స్వలింగ వివాహాలు చట్టబద్ధమైనప్పుడు కూడా కొత్త మాట వెతుక్కోవలసిన పని పడలేదు.

విషం మాట దక్షిణం నుంచి వచ్చింది. గ్రీకు ‘దోసిస్’కి అసలర్థం ఇవ్వడం, వైద్యులు దాన్ని ఒకసారికి ఇచ్చే మందుకు వాడారు. లాటిన్ ద్వారా అందిన ఈ మాటను జర్మన్లు ఇవ్వడమనే అర్థమున్న తమ ‘గిఫ్ట్’తో అనువదించుకున్నారు. ప్రాణం తీసే మందును కూడా మందనే అనడం మనకు కొత్త కాదు. పురుగుల మందు అంటున్నాం కదా. ఈ అర్థం ఉత్తర జర్మనీ భాష నుంచి నార్వేకు చేరింది. విషానికి అంతకుముందున్న పాత మాట ‘ఎయిత్ర్’ ఇప్పటికీ సాలీడు పేరు ‘ఎడ్డెర్‌కొప్’లో దాగుంది. మన ‘దానం’, వైద్యుల ‘డోసు’ కూడా ఒకే మూలధాతువు బిడ్డలు. యిఫ్ట్ ధాతువు మాత్రం వేరు.

నేర్చుకునేవారు తడబడేది సమాసాల్లో. మధ్యలో ‘ఎ’ వినిపిస్తే సాధారణంగా పెళ్లి: ‘యిఫ్టెరింగ్’ పెళ్లి ఉంగరం. అది లేకపోతే విషం: ‘యిఫ్ట్‌గాస్’ విషవాయువు. కానుకకు మాత్రం ఈ మాట అస్సలు పనికిరాదు, దాన్ని ‘గావె’ అంటారు.