ఫ్రీస్టైల్: కుక్కల డాన్సా, ఈతా, ఏడుపు పాటా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కుక్కలకు ఫ్రీస్టైల్ నేర్పుతాను, అంటే పాట పెట్టి కుక్కా మనిషీ కలిసి చేసే డాన్స్ లాంటి ప్రదర్శన. ఈ మాట వినగానే 'కుక్కలకు ఈత కూడా నేర్పాలా?' అని కొందరు, 'ర్యాప్ పాడుతుందా ఏంటి?' అని ఇంకొందరు అడుగుతారు. వాళ్లను తప్పు పట్టలేం. ఒకే పేరుతో అన్ని ఆటలు, అన్ని పాటలు చలామణీలో ఉన్నాయి మరి.

అపోహ: ఫ్రీస్టైల్ అంటే ఇష్టారాజ్యం.

వాస్తవం: సడలించేది ఏదో ఒక కట్టుబాటునే, మిగతావి బిగువుగానే ఉంటాయి. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ పోటీలే చూడండి. 'హీల్‌వర్క్ టు మ్యూజిక్' విభాగంలో కనీసం మూడింట రెండొంతుల ప్రదర్శన కుక్క మనిషిని అంటిపెట్టుకుని నడవడమే. ఫ్రీస్టైల్ విభాగంలో ఆ నడక మూడింట ఒక వంతుకు మించకూడదు. మిగతా సమయమంతా కాళ్ల మధ్య దూరడం, గిరగిరా తిరగడం, దూరం నుంచే వెనక్కి నడవడం లాంటివి ఉండాలి. చేతిలో బిస్కెట్ పట్టుకుని ఆశపెట్టడం మాత్రం రెండింట్లోనూ కుదరదు.

కుస్తీలోనూ అంతే. గ్రీకో-రోమన్ అనే పద్ధతిలో నడుము కింద పట్టు పట్టకూడదు, ఫ్రీస్టైల్‌లో కాళ్లు పట్టుకుని పడేయొచ్చు. అలాగని గొంతు నులిమితే ఊరుకోరు.

అపోహ: కుక్క పాట విని తాళానికి తగ్గట్టు అడుగులేస్తుంది.

వాస్తవం: చూసేవాళ్లకు నిరాశే గానీ, తాళం చూసుకోవాల్సింది మనమే. ముందు కుక్కను దాని సహజమైన వేగంతో నడిపించి ఫోన్లో వీడియో తీస్తాం. ఒక ముందుకాలు నిమిషానికి ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి, ఆ వేగానికి సరిపడే పాట వెతుకుతాం. అందుకే పొట్టికాళ్ల కుక్కకు కుదిరిన పాట పొడుగుకాళ్ల కుక్కకు కుదరదు. కుక్క ధ్యాసంతా మన భుజం ఎటు తిరిగింది, చెయ్యి ఎక్కడుంది, ఏ మాట అన్నాం అనే దాని మీదే ఉంటుంది.

కాళ్ల మధ్య దూరడం ఎలా నేర్పుతామో చెబుతాను. కుక్క మన ఎడమవైపు ఉంటుంది. కుడికాలు ముందుకు వేసి, కాళ్ల సందులోంచి కుడిచేతిలోని తిండి వాసన చూపిస్తాం. ముక్కు ఎటు పోతే ఒళ్లూ అటే పోతుంది. అవతలికి వచ్చిన క్షణంలోనే 'యస్' అని తినిపిస్తాం. రెండు సెకన్లు ఆలస్యమైతే అది కూర్చున్నందుకు మెచ్చుకున్నట్టు అవుతుంది. కొన్నాళ్లకు ఖాళీ చెయ్యి చూపిస్తే చాలు, ఆ తర్వాత చెయ్యీ అక్కర్లేదు, కాలు కదిపితే దూరేస్తుంది.

అపోహ: వెనక కాళ్ల మీద నిలబడితేనే డాన్స్.

వాస్తవం: నాకు చిరాకు తెప్పించే అపోహ ఇది. ఎదిగే కుక్కపిల్లలతో, నడుము పొడుగుండే జాతులతో ఆ పని చేయించొద్దు. నున్నటి నేల మీద ఏ కుక్కతోనూ వద్దు.

అపోహ: ఈతలో ఫ్రీస్టైల్ అంటే ఫ్రంట్ క్రాల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వేస్తూ ఈదడం) అనే నియమం ఉంది.

వాస్తవం: లేదు. ఫ్రీస్టైల్ రేసులో ఏ పద్ధతిలోనైనా ఈదొచ్చు. క్రాల్ అన్నిటికన్నా వేగం కాబట్టి అందరూ దాన్నే పట్టుకున్నారు. నాలుగు పద్ధతుల్లోనూ వరసగా ఈదే మెడ్లీ రేసులో మాత్రం ఫ్రీస్టైల్ వంతు వచ్చినప్పుడు బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై కాక ఇంకేదైనా ఈదాలి.

అపోహ: ఫ్రీస్టైల్ పాట అంటే అప్పటికప్పుడు అల్లే ర్యాప్.

వాస్తవం: ర్యాప్‌లోనే ఆ అర్థం మారుతూ వచ్చింది. 1980లలో చాలామందికి ఫ్రీస్టైల్ అంటే ఫలానా విషయమంటూ లేకుండా రాసుకున్న పద్యం, ఆశువుగా చెప్పేదనే అర్థం తర్వాత బలపడింది. వీటితో సంబంధం లేని ఫ్రీస్టైల్ ఇంకొకటి ఉంది. అది 1980లలో న్యూయార్క్, మయామీలలో ముఖ్యంగా లాటినో కుర్రకారు పెంచిన డాన్స్ సంగీతం. డ్రమ్ మెషీన్ దరువు, మెరిసే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) స్వరాలు, దాని మీద 'నన్నెందుకు వదిలేశావ్' అనే గొంతు. 1983లో గాయని షానన్ పాడిన 'లెట్ ద మ్యూజిక్ ప్లే'తో ఈ ఒరవడికి ఊపొచ్చింది. లీసా లీసా, ఎక్స్‌పోజే, స్టీవీ బి లాంటి గాయకులు, బృందాలు దాన్ని ఇంటింటికీ చేర్చారు. మాటల్లో బ్రేకప్ బాధ, దరువులో పండగ! కాళ్లు ఆగవు.

ఒకసారి ఒకావిడ తన కుక్క ప్రదర్శన కోసం 'ఫ్రీస్టైల్ పాటలు' అని వెతికి ఇవే తెచ్చుకుంది. అన్నీ ఏడుపు పాటలేనని కంగారు పడింది. నేను వద్దనలేదు. వేగం ఒకేలా సాగుతుంది కాబట్టి అడుగులు కలపడం తేలిక. సంగీతాన్ని ఎలా పలికించారన్నదానికీ మార్కులుంటాయి గనుక, తోక ఊపుతున్న కుక్క వెనక విరహగీతం కాస్త వింతగా ఉంటుందని మాత్రం చెప్పాను. మాటలు తీసేసిన ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షన్ దొరికితే ఆ పేచీ ఉండదు.

మీరూ వెతకాలనుకుంటే పాటలకు 'లాటిన్ ఫ్రీస్టైల్' అని, కుక్కల వీడియోలకు 'కెనైన్ ఫ్రీస్టైల్' అని కొట్టండి. 'డాగ్ ఫ్రీస్టైల్' అని కొడితే గాల్లోకి ఎగిరి ఫ్రిస్బీ పట్టే కుక్కలు కూడా వస్తాయి. అదీ ఫ్రీస్టైలే, కానీ వేరే ఆట.