పుట్టగొడుగు మందు: ఏది రుజువైంది, ఏది కాలేదు

1977లో జపాన్ ఒక పుట్టగొడుగు నుంచి తీసిన పదార్థాన్ని క్యాన్సర్ మందుగా అనుమతించింది. ఎండిన మొద్దుల మీద రంగు చారలతో, చిన్న చిన్న విసనకర్రల్లా పరుచుకునే ట్రామెటిస్ వెర్సికలర్ అది. దాని నుంచి వచ్చిన మందు పీఎస్‌కే, అమ్మకపు పేరు క్రెస్టిన్.

ఈ మందును తేలిగ్గా కొట్టిపారేయలేం. కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 262 మందిపై జరిగిన అధ్యయనం 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కీమో మాత్రమే తీసుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత 60 శాతం మంది బతికి ఉన్నారు. కీమోతో పాటు పీఎస్‌కే కూడా తీసుకున్నవారిలో 73 శాతం. రెండు గుంపులకూ ఆపరేషన్, కీమో జరిగాయని మరిచిపోకూడదు. మందులు మానేసి పుట్టగొడుగు తిన్నవాళ్లు ఆ లెక్కలో ఒక్కరూ లేరు.

ఇది పనిచేసే తీరు ఆసక్తికరం. పుట్టగొడుగుల కణగోడల్లో బీటా గ్లూకాన్లనే పొడవైన చక్కెర గొలుసులుంటాయి. మన శరీరంలో అవి లేవు. అందుకే మన తెల్లకణాల మీద ఉండే డెక్టిన్-1 లాంటి గ్రాహకాలు (బయటి పదార్థాలను గుర్తుపట్టే ప్రోటీన్లు) అవి తగలగానే ఫంగస్ చొరబడిందని పసిగట్టి రోగనిరోధక శక్తిని లేపుతాయి. ఆ కదలిక క్యాన్సర్ కణాల మీదికీ మళ్లుతుందన్నదే పరిశోధకుల ఆశ.

షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ కథ ఇంకా చెప్పుకోదగ్గది. జపాన్ శాస్త్రవేత్త గోరో చిహారా బృందం 1969లో దీనితో ఎలుకల్లో కణితులు కరగడం చూపింది. 1985లో జపాన్‌లో ఇంజెక్షన్‌గా అనుమతి వచ్చింది. కానీ ముదిరిన కడుపు క్యాన్సర్‌లో ఎస్-1 అనే కొత్త కీమో మందుకు దీన్ని జోడించి చూసినప్పుడు రోగుల ఆయుష్షు పెరగలేదు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. పాత కీమోతో కనిపించిన మేలు కొత్త కీమోతోనూ ఉంటుందనుకోకూడదు.

మన ఊళ్లలో గ్యానోడెర్మా అనే మరో పుట్టగొడుగు పేరుతో అమ్మే పొడులు, కాఫీ ప్యాకెట్ల సంగతి వేరు. శుద్ధి చేసి, మోతాదు కట్టి పరీక్షించిన మందులు కావవి. గ్యానోడెర్మాపై వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా దాన్ని క్యాన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడేందుకు తగిన ఆధారాలు లేవని తేల్చింది. అప్పుచేసి ఆ డబ్బాలు కొనే కుటుంబాలకు ఈ మాట ఎవరైనా ముందే చెప్పాలి.

కీమో నడుస్తుండగా ఇలాంటిదేదైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. గ్యానోడెర్మా రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించవచ్చు. కీమోతో ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి అది ప్రమాదం. ఈ పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.