పేచీ పెట్టే కస్టమర్లు: మెషిన్ షాపు పనిలో అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాను. డ్రాయింగ్ తెచ్చి ఇస్తే లోహపు భాగాలను ఒక్క పీసు నుంచి రెండు మూడు వందల పీసుల దాకా చేసి ఇవ్వడం మా పని. వచ్చేవారిలో మందుల కంపెనీలకు యంత్రాలు కట్టేవారు ఎక్కువ. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు కస్టమర్ల గురించి చెప్పే మాటల్లో చాలావాటిని ఒకప్పుడు నేనూ నమ్మి నష్టపోయాను కనుక, వాటిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: పేచీ పెట్టేవాడు బిల్లు తగ్గించుకోవడానికే పెడతాడు.

వాస్తవం: అలాంటివారూ ఉన్నారు. కానీ నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం డ్రాయింగులోనో, కొలిచే తీరులోనో పుట్టినవే. ఒక మే నెలలో 300 మిల్లీమీటర్ల పొడవున్న అల్యూమినియం ప్లేట్లు నలభై పంపాము. డ్రాయింగ్ ప్రకారం అటూ ఇటూ 0.05 మిల్లీమీటర్ల తేడా మాత్రమే ఉండవచ్చు. మా షెడ్డులో ప్రతి ప్లేటూ సరిగ్గా 300 చూపింది. కస్టమర్ దగ్గర 20 డిగ్రీల వద్ద ఉంచే తనిఖీ గదిలో అవే ప్లేట్లు 299.93 చూపాయి. మొత్తం సరుకు వెనక్కి వచ్చింది. ఫోనులో నేను వారి నిజాయితీనే శంకిస్తూ మాట్లాడాను, అది ఇప్పటికీ బాధగానే ఉంది. మర్నాడు మా వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పట్టుకుని వెళ్లి, అదే గదిలో కాసేపు ఉంచి కొలిస్తే అదీ 299.93 అనే చెప్పింది.

కొలతలకు ప్రపంచమంతటా ప్రామాణికంగా తీసుకునే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. ఒక మీటరు అల్యూమినియం ఒక్కో డిగ్రీకి దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, ఉక్కు అందులో సగమే సాగుతుంది. మా రేకుల షెడ్డు కింద 40 డిగ్రీల వేడిలో ప్లేటు సుమారు 0.14 మిల్లీమీటర్లు పెరిగి ఉంటే, ఉక్కుతో చేసిన వెర్నియర్ 0.07 మాత్రమే పెరిగింది. ఆ తేడా మాకు కనిపించక, అంత మేరకు లోహాన్ని ఎక్కువగా కోసేశాము. అప్పటి నుంచి సన్నని కొలతలున్న ప్రతి పనిలోనూ మొదటి పీసును కస్టమర్ దగ్గరికే తీసుకెళ్లి, ఇద్దరి పరికరాలతోనూ కొలిచి, ఆ కాగితం మీద ఇద్దరమూ సంతకాలు పెట్టిన తరువాతే మిగతావి మొదలుపెడుతున్నాము.

డ్రాయింగులో అసలు టోలరెన్స్, అంటే ఎంత తేడా చెల్లుతుందో, రాయని కొలతలది మరో తలనొప్పి. ఇలాంటి కొలతల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2768 మధ్యమ తరగతి ప్రకారం 30 నుంచి 120 మిల్లీమీటర్ల మధ్య ఉండే కొలతకు అటూ ఇటూ 0.3 దాకా తేడా చెల్లుతుంది. కస్టమర్ మనసులో మాత్రం 0.1 ఉండవచ్చు. కొటేషన్‌లోనే ఆ ప్రమాణం పేరు రాసి పంపితే, ఎంత తేడా చెల్లుతుందన్న ప్రశ్న లోహం కోయకముందే వస్తుంది.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే అది 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కాదు.

వాస్తవం: సరుకు దింపుకునే చోట జేబులోంచి అయస్కాంతం తీసి, మోసం చేశారని కేకలు వేసిన కస్టమర్లు నాకు తెలుసు. 304 మామూలుగా అయస్కాంతానికి స్పందించదు. కానీ వంచినా, సాగదీసినా, కొన్నిసార్లు గట్టిగా టర్నింగ్ చేసినా (లేత్ మీద కోసినా) లోపలి నిర్మాణం కొంత మారి, ఆ వంపుల దగ్గర అయస్కాంతం అంటుకుంటుంది. పైగా చౌకరకమైన 202 కూడా మామూలుగా అంటుకోదు కాబట్టి, కల్తీని పట్టుకోవడానికి ఈ పరీక్ష పనికిరాదు. కస్టమర్‌తో వాదించడం కన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మెటీరియల్ కొన్నప్పుడే తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని, రాడ్డు మీది హీట్ నంబరు (ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబరు) దానితో సరిపోయిందో లేదో చూసి, ఆ ప్రతిని చలాన్‌తో పాటు పంపడం మేలు. అనుమానం తీరకపోతే ఒక ముక్కను ల్యాబుకు పంపుదామని నేనే ముందుగా అడుగుతాను.

అపోహ: వాట్సాప్‌లో సరే అన్నారు కాబట్టి ఇక మాట మారదు.

వాస్తవం: మాట మారకపోవచ్చు, డ్రాయింగ్ మారుతుంది. కొనుగోలు విభాగం ఒక ఫైలు పంపుతుంది, డిజైన్ చేసినవారు మరొకటి పంపుతారు, మా టర్నర్ చేతిలో మూడోది ఉంటుంది. రివిజన్ నంబరు, తేదీ పర్చేజ్ ఆర్డర్ మీద ఉండాలని పట్టుబట్టండి. జింకు పూత గానీ పౌడర్ కోటింగ్ గానీ ఉంటే, రాసిన కొలత పూతకు ముందుదో తరువాతదో కూడా అడగండి. స్క్రూ మరల (థ్రెడ్‌ల) విషయంలో గొడవలన్నీ అక్కడే వస్తాయి.

అపోహ: డబ్బు గట్టిగా అడిగితే కస్టమర్ పోతాడు.

వాస్తవం: అడగడానికి మొహమాటపడేవారు చట్టం ఏం చెబుతోందో ముందు తెలుసుకోవాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాలి. సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే దాన్ని ఒప్పుకున్నట్లు లెక్క. మూడు నెలల తరువాత బిల్లు అడిగితే అప్పుడు లోపాలు గుర్తుకొచ్చే కస్టమర్‌కు ఈ ఒక్క వాక్యం చూపితే చాలు. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఆర్డర్ తీసుకునేనాటికే ఉండాలి, దాని నంబరు ప్రతి బిల్లు మీదా కనిపించాలి. ఈ బకాయిల ఫిర్యాదులు విని తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దాకా నేను ఇంతవరకు వెళ్లలేదు. గడువు, వడ్డీ నిబంధనలను బిల్లు కింద అచ్చు వేయించిన తరువాత అకౌంట్స్ విభాగాలు నాతో మాట్లాడే తీరే మారింది.

అపోహ: ఏ కస్టమర్‌నూ వదులుకోకూడదు.

వాస్తవం: మా కుర్రవాళ్లను దుర్భాషలాడిన వారి పని నేను మళ్లీ తీసుకోను. వారి డ్రాయింగులు, మిగిలిన మెటీరియల్ చలాన్ రాసి తిరిగి పంపిస్తాను. చేతిలో ఉన్న ఆర్డర్‌ను మాత్రం పూర్తి చేసే పంపుతాను, ఎందుకంటే ఆ పీసు కోసం ఏదో ఒక ఫ్యాక్టరీలో ఒక యంత్రం ఆగి ఉంటుంది.