నిన్నటి మందు, పుట్టకముందటి సీసం

దాళ్వా (రెండో పంట) చేలో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు కొట్టిన కూలీ మూత్రంలో మర్నాడు పొద్దున ఆ మందు ఆనవాళ్లు దొరుకుతాయి. వారం ఆగి పరీక్షిస్తే దాదాపు ఏమీ ఉండదు. ఆ రిపోర్టు చూసి మందు తగల్లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే.

కడుపులో పడ్డప్పటి నుంచి పోయేదాకా మనిషికి తగిలే గాలి, నీరు, తిండి, పొగ, రసాయనాలు అన్నీ కలిపి 'ఎక్స్‌పోజోమ్'. 2005లో క్యాన్సర్ పరిశోధకుడు క్రిస్టొఫర్ వైల్డ్ పెట్టిన పేరిది. పుట్టుకతో వచ్చిన జన్యువులను ఒకసారి చదివితే చాలు. ఇది పూటపూటకీ మారుతుంది, అదే చిక్కు.

అయితే ఒంట్లో ఒక్కో చోట ఒక్కో కాలం లెక్క ఉంటుంది. రక్తంలో సీసం సుమారు నెలలో సగమవుతుంది, ఎముకలోదైతే దశాబ్దాలు నిలుస్తుంది. జుట్టు నెలకు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మాడుకు ఆనించి కత్తిరించిన మూడు సెంటీమీటర్లు మూడు నెలల పాదరసం చిట్టా. అన్నిటికన్నా ముచ్చటైనది పాలపన్ను. ప్రసవం నాడు దాని ఎనామెల్‌లో, అంటే పంటి పైపొరలో, సన్నని గీత పడుతుంది. లేజర్‌తో ఆ గీతకు అటూ ఇటూ సీసం కొలిస్తే కడుపులో ఉన్నప్పుడు చేరిందెంతో, పుట్టాక చేరిందెంతో విడివిడిగా తేలుతుంది. మనమేమో ఆ పన్ను ఇంటి కప్పు మీదకి విసిరేస్తాం!

గోదావరి డెల్టాలో ఈ కొలతలు తీయాలంటే సార్వాలో (తొలి పంట) ఒకసారి, దాళ్వాలో ఒకసారి, కాలువలు కట్టేసిన వేసవిలో ఒకసారి నమూనాలు తీసుకోవాలి. కొట్టే మందూ తాగే నీరూ అప్పటికప్పటికి మారతాయి మరి. ఎండలో చెమటోడ్చినవాళ్ల మూత్రం చిక్కబడి అంకె పెరుగుతుంది, చెంబెడు నీళ్లు తాగొస్తే తగ్గుతుంది. అందుకే కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం, క్రియాటినిన్‌తో భాగించి సరిచేస్తారు. కానీ అది కండను బట్టి మారుతుంది. బస్తాలు మోసే కుర్రాణ్నీ బక్కచిక్కిన ముసలమ్మనూ పోల్చాలంటే మూత్రం సాంద్రతతో సరిచేయడం మేలు. సీసం కోసం వేలికి సూది గుచ్చేముందు సబ్బుతో చెయ్యి కడిగించాలి, లేకపోతే చర్మం మీది దుమ్ము కూడా లెక్కలోకొస్తుంది. ఎక్కువొస్తే నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూడాల్సిందే.

వారం పాటు చేతికి వేసుకునే సిలికాన్ పట్టీ గాల్లోని ఆవిర్లనూ చర్మానికి అంటినవాటినీ పీల్చుకుంటుంది. తిండితో లోపలికెళ్లింది దానికి తెలియదు.

"ఏ మందు కొట్టారండీ?" అని అడిగితే చాలామంది డబ్బా రంగు చెబుతారు. గట్టు మీద పడున్న ఖాళీ డబ్బాకి ఫొటో తీసుకోవడం నయం. అసలు రసాయనం పేరు బ్రాండు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.