ఉప్పుగాలిలో పిస్టల్ వయసు

పోలీసు నడుముకున్న పిస్టల్ పాతబడిందో లేదో తేల్చడానికి అది కొన్న సంవత్సరం చూస్తారు. నిజానికి దాని వయసు రెండు రకాలు. ఎన్ని రౌండ్లు పేల్చిందన్నది ఒకటి, ఏ గాలిలో ఉందన్నది రెండోది. నెల్లూరు, ప్రకాశం తీరాల్లో డ్యూటీ చేసే ఆయుధాలకు ఈ రెండోదే అసలు ప్రమాదమని నా నమ్మకం.

9 ఎంఎం తూటా పేలినప్పుడు లోపలి పీడనం 2,000 బార్లు దాటుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి అది రెండు వేల రెట్లు! ఆ తాకిడికి స్లయిడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగం, వెనక్కి వెళ్తుంది, రీకాయిల్ స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. వేలసార్లు ఇలా జరిగాక ఉక్కులో కంటికి కనబడని పగులు పుడుతుంది. అమెరికా సైన్యం 1911 నాటి కోల్ట్ పిస్టల్ స్థానంలో 1985లో బెరెట్టా ఎం9ను ఎంచుకుంది. కొద్ది ఏళ్లలోనే కొన్నింటి స్లయిడ్లు విరిగి, వెనక ముక్క ఎగిరివచ్చి కాల్చేవాళ్ల మొహాలకు తగిలింది. అప్పుడు ఇంజనీర్లు హ్యామర్ పిన్ (తూటాను పేల్చే సుత్తిలాంటి భాగాన్ని పట్టి ఉంచే పిన్ను) తల పెద్దది చేశారు. స్లయిడ్ విరిగినా ఆ తల దాన్ని వెనక్కి రానివ్వదు. ఎప్పుడో ఒకరోజు విరుగుతుందని ముందే ఒప్పుకుని మనిషిని కాపాడిన ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

ఇక ఉప్పు సంగతి. వంటింట్లో కల్లుప్పు జాడీ ముసురు పట్టగానే చెమ్మగిల్లుతుంది కదా, అదే పని పిస్టల్ మీదా జరుగుతుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేగాని కరగదు. కానీ సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. ఇస్కపల్లి ఉప్పు మడుల మీదుగానో, మైపాడు, కొత్తపట్నం ఒడ్డునో వీచే గాలి మోసుకొచ్చిన సన్నటి ఉప్పు ఇనుము మీద వాలితే దాదాపు రోజంతా తడిగానే ఉంటుంది. చెమటలోనూ ఇదే క్లోరైడ్. పిస్టల్ పెట్టుకునే తోలు హోల్‌స్టర్ ఆ తడిని పీల్చి పట్టుకుంటుంది. క్లోరైడ్ లోహపు పై పొరను తొలిచి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. పేల్చిన ప్రతిసారీ ఒత్తిడి ఆ గుంటల అంచున పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే బాగా తక్కువ కాల్చిన పిస్టల్ కూడా నమ్మదగినది కాకపోవచ్చు.

తూటాలూ ముసలివవుతాయి. వాటిలోని నైట్రోసెల్యులోజ్ అనే పేలుడు మందు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. అప్పుడు వెలువడే వాయువులను పీల్చుకోవడానికి డైఫినైల్‌అమీన్ వంటి స్థిరకారిని కలుపుతారు. అది ఖర్చయిపోతే మందు చెడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు వేగంగా సాగుతుంది. రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద ఉన్న పెట్టెకూ, చల్లని గదిలోని పెట్టెకూ ఆయుష్షు ఒకటి కాదు.

మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్‌కు మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. బ్రిటన్ సైన్యం అదే బ్రౌనింగ్‌ను పక్కనబెట్టి 2013లో గ్లాక్ 17 తీసుకుంది. గ్లాక్ ఫ్రేమ్ పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, తుప్పు పట్టదు. స్లయిడ్ పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిచేస్తారు. తీరానికి ఇది నిజంగా మేలైన నిర్మాణం. అయినా స్ప్రింగులు, పిన్నులు ఉక్కువే కాబట్టి కొత్తది కొన్నంత మాత్రాన పని అయిపోదు.

తుప్పును తట్టుకునే శక్తిని ల్యాబుల్లో 35 డిగ్రీల వేడిలో, 5 శాతం ఉప్పునీటి పొగమంచులో ఉంచి పరీక్షిస్తారు. అది అవసరమే. కానీ కొనేముందు కొన్ని పిస్టళ్లను తీరంలో గస్తీ తిరిగే సిబ్బంది నడుముకు ఒక ఎండాకాలం, ఒక ఈశాన్య రుతుపవన కాలం ఇచ్చి చూడాలని నేను కోరుకుంటాను. చెమట, ఇసుక, తోలు, వాన కలిసి చేసే పని ల్యాబులోని ఏ పరీక్ష పెట్టెలోనూ పూర్తిగా జరగదు.

ఇప్పటికే ఉన్నవాటికి వెంటనే చేయగలిగింది రిజిస్టర్ రాయడం. ప్రతి పిస్టల్ నంబరు పక్కన పేల్చిన రౌండ్లు, రీకాయిల్ స్ప్రింగ్ మార్చిన తేదీ, తీరంలో ఉన్న నెలలు నమోదు చేస్తే, దేనికి స్ప్రింగ్ మారిస్తే సరిపోతుందో, దేన్ని పక్కన పెట్టాలో ఆయుధాల బాగోగులు చూసే ఆర్మరర్ ధైర్యంగా చెప్పగలడు.