ఓబీ గుట్టల మీద పచ్చదనం: ఏది లెక్క?

సింగరేణిలో 1889 నుంచి బొగ్గు తవ్వుతున్నా, ఎనభై ఏళ్లకు పైగా అంతా భూగర్భ గనుల్లోనే. 1975లో ఓపెన్ కాస్ట్, అంటే నేలను పైనుంచే తెరిచి తవ్వే పద్ధతి, వచ్చాక కథ మారింది. టన్ను బొగ్గు చేతికి రావాలంటే అయిదారు క్యూబిక్ మీటర్ల మట్టీ రాయీ తీసి పక్కన పోయాలి. రామగుండం, భూపాలపల్లి వైపు కనిపించే గుట్టల్లో చాలావి డంపర్లు పోసినవే. ఇలా తీసి పోసిన మట్టీ రాయీ కాగితాల్లో ఓవర్ బర్డెన్, గని దగ్గర ఓబీ.

ఓబీ మీద మొక్క ఎందుకు బతకదో తెలియాలంటే తవ్వే వరస చూడాలి. జీవమున్న పైమట్టి ముందు లేస్తుంది, విడిగా తీయకపోతే గుట్ట అడుగున పడిపోతుంది. లోతున ఉన్న రాయి ఆఖర్న వచ్చి పైన కూర్చుంటుంది. అందులో కుళ్లిన ఆకూ అలమూ ఉండదు, వేరుకు సాయం చేసే సూక్ష్మజీవులూ ఉండవు. వానకు కోసుకుపోతుంది, ఎండకు తేమ నిలవదు. అందుకే పైమట్టిని వేరుగా దాచాలని పర్యావరణ అనుమతుల్లో షరతు పెడతారు. దాచినా, ఏళ్ల తరబడి కుప్పగా పడి ఉంటే దాని సారమూ తగ్గిపోతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికా 1977లో ఉపరితల గనులకు చట్టం తెచ్చింది. కంపెనీ ముందే పూచీ సొమ్ము కట్టాలి, భూమిని బాగుచేసి చూపించి వెనక్కి తీసుకోవాలి. వానలు బాగా పడే చోట అయిదేళ్లు, పడని చోట పదేళ్లు పచ్చదనం నిలబడాలి. ఇంకేం, తూర్పు అమెరికాలోని అపలేచియా కొండల్లో బుల్డోజర్లతో నేలను దిమ్మిస కొట్టినట్టు అణచి, మొండిగా పెరిగే గడ్డి చల్లేశారు. కొండ జారలేదు, గడ్డి వచ్చింది, సొమ్ము తిరిగొచ్చింది. చెట్లు మాత్రం సరిగా రాలేదు, గట్టిపడ్డ నేలలోకి వేరు దిగలేదు. 2004లో అధికారులు, అటవీ శాస్త్రవేత్తలు కలిసి, పైన నాలుగడుగుల మందాన వదులు మట్టి ఉంచండని ప్రచారం మొదలుపెట్టారు.

మన దగ్గర పూచీ సొమ్ము 2009లో వచ్చింది. గని మూసివేత ప్లాను తప్పనిసరి చేసి, ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో, అంటే షరతు తీరేదాకా కంపెనీ సొంతంగా తీసుకోలేని ఖాతాలో, వేయమన్నారు. కోల్ ఇండియా పెద్ద గనులను ఏటా ఉపగ్రహ చిత్రాల్లో చూడటం అంతకు ఏడాది ముందే మొదలైంది. చిత్రంలో పచ్చదనం కనిపిస్తుంది. అది సుబాబులా, వెదురా, కింద సొంతంగా మొలకలు లేస్తున్నాయా అన్నది గుట్ట ఎక్కి చూసినవాళ్లకే తెలుస్తుంది. మొక్కలు వాటంతట అవి నిలదొక్కుకునే దాకా పర్యవేక్షణ ఆపకూడదన్న షరతూ అనుమతి పత్రాల్లో ఉంటుంది. నా మటుకు అసలు షరతు అదే. ప్రెస్ నోట్లలో మాత్రం నాటిన మొక్కల సంఖ్యే వస్తుంది.

2020 జనవరిలో సుప్రీంకోర్టు మరో మాట చేర్చింది. తవ్వకం అయిపోయిన నేలలో పశుగ్రాసం పెరిగేలా మళ్లీ గడ్డి వేయాలని, ఆ షరతును లీజుల్లోనే పెట్టాలని కేంద్రానికి చెప్పింది. ఓపెన్ కాస్ట్ కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసిన చోట ఆ గడ్డి ఎవరి పశువులు మేస్తాయో, వాటిని గుట్ట మీదికి ఎవరు రానిస్తారో ఇంకా తేలాల్సిందే.