మూడో నెల రక్తపరీక్ష: వివాదం వెనక 140 గీత

గర్భిణికి షుగర్ వస్తుందో రాదో మూడో నెలలోనే రక్తం చూసి చెప్పొచ్చన్న వాదన మళ్ళీ ముందుకొచ్చింది. అడిపోనెక్టిన్, ఎస్‌హెచ్‌బీజీ, మాయ (ప్లాసెంటా) నుంచి రక్తంలోకి చేరే పాప్-ఏ వంటి ప్రోటీన్ల పేర్లు వినిపిస్తున్నాయి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇలాంటి పరీక్షల మీద డబ్బు పెట్టాలా, లేక ఇప్పుడున్న గ్లూకోజ్ నీళ్ల పరీక్షనే ఒక్కరినీ వదలకుండా చేయాలా? ఈ ప్రశ్నకు మూలం 2008 నుంచి 2014 దాకా జరిగిన పరిణామాల్లో ఉంది.

2008లో హాపో అనే అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 9 దేశాల్లో సుమారు 25 వేల మంది గర్భిణులను పరిశీలించారు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువూ, సిజేరియన్ అవసరమూ పెరుగుతూ పోయాయి. ఇక్కడి నుంచే ప్రమాదం మొదలవుతుందని చూపించగల అంకె మాత్రం ఎక్కడా దొరకలేదు. అంటే జబ్బు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ వేరుచేసే గీత మనుషులు కూర్చుని గీసుకోవాల్సిందే. 2010లో అంతర్జాతీయ నిపుణులు అదే చేశారు. డెసిలీటరు రక్తంలో ఇన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్ అన్న లెక్కన, పరగడుపున 92, గ్లూకోజ్ తాగిన గంటకు 180, రెండు గంటలకు 153. వీటిలో ఏ ఒక్కటి తాకినా షుగర్ ఉన్నట్టే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ అంకెలను స్వీకరించింది.

భారతదేశం ఆ దారిన పోలేదు. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు అప్పటికే మరో పద్ధతి ప్రతిపాదించి ఉన్నారు. గర్భిణి తిని వచ్చినా, తినక వచ్చినా 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాలి. రెండు గంటల తర్వాత ఒకే ఒక్కసారి చూడాలి. 140 లేదా ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు దీన్నే తీసుకున్నాయి. 2018లో వాటిని సవరించినప్పుడు కూడా ఇదే నిలిచింది. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకటి, 24–28 వారాల మధ్య మరొకటి చేయాలి.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. దేవరకొండ పక్క తండా నుంచి ఆటో పట్టుకుని పీహెచ్‌సీకి వచ్చిన ఆమెను ‘రేపు పరగడుపున రా’ అని తిప్పి పంపితే, రేపు రావడం ఖాయం కాదు. పత్తి ఏరే రోజులైతే కూలి పోతుంది. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబమైతే వచ్చే నెలకు పుణెలోనో ముంబైలోనో ఉండొచ్చు. తొలి కాన్పుకు పుట్టింటికి పోయినా రెండో పరీక్ష జారిపోయే ప్రమాదం ఉంది. ఆ ఒక్క రాకలోనే పరీక్ష పూర్తి కావాలన్నది ఈ పద్ధతి వెనకున్న ఆలోచన.

దీనికి గట్టి విమర్శ కూడా ఉంది. చెన్నైలోనే 2014లో వెలువడిన ఒక పరిశోధన, తిని వచ్చాక చేసే ఈ పరీక్ష అంతర్జాతీయ గీతల ప్రకారం షుగర్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందినే పట్టగలిగిందని చూపించింది. తీసిపారేయాల్సిన మాట కాదిది. అయితే అక్కడ కొలబద్దగా పెట్టుకున్నది కూడా మనుషులు గీసిన మరో గీతే.

బయోమార్కర్ల, అంటే జబ్బును ముందే సూచిస్తాయంటున్న ఆ ప్రోటీన్ల చిక్కు సరిగ్గా ఇక్కడే. ‘ఈ ప్రోటీన్ తక్కువుంటే షుగర్ వస్తుంది’ అన్నప్పుడు, ఏ గీత ప్రకారం వస్తుందని? ఒక్కో పరిశోధన ఒక్కో కొలత వాడింది. పైగా మన దగ్గర సన్నగా కనిపించే ఆడవాళ్లలోనూ ఒంట్లో కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువ. బయటి దేశాల స్త్రీల మీద తేల్చిన అంకెలు ఇక్కడ అలాగే సరిపోతాయని అనుకోలేం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షకు ఇంకో అడ్డంకి ఉంది. ఇనుము లోపం ఉంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది.

ముందే తెలియాలనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. షుగర్ బయటపడ్డ తల్లుల్లో కొందరి బిడ్డలు 20 నుంచి 28 వారాల మధ్యే అతిగా పెరగడం మొదలుపెట్టారని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. ఏడో నెలలో పరీక్ష చేస్తే ఆలస్యమైపోయిందన్నమాట. 2023లో వచ్చిన టోబోగమ్ పరిశోధనలో 20 వారాల లోపే చికిత్స మొదలుపెడితే నవజాత శిశువుల ఇబ్బందులు 30.5 శాతం నుంచి 24.9 శాతానికి తగ్గాయి. కానీ అందులో చికిత్స పొందినవాళ్లను ఎంచుకున్నది గ్లూకోజ్ పరీక్షతోనే, ప్రోటీన్లతో కాదు. షుగర్ ఇంకా రాని గర్భిణికి ‘వస్తుంది’ అని చెప్పాక ఏం చేయాలన్నది కూడా తేలలేదు. తిండి, వ్యాయామం మార్పించి చూస్తే ఫిన్లాండ్‌లో షుగర్ వచ్చేవాళ్లు తగ్గారు, బ్రిటన్‌లో ఊబకాయం ఉన్న గర్భిణుల్లో తగ్గలేదు. చేతికి మందు ఇవ్వలేనప్పుడు మిగిలేది ఆమెకు టెన్షనే.

2021లో నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాలలో ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలు వచ్చాయి. పీహెచ్‌సీలో తీసిన రక్తం అక్కడికి వెళ్తుంది. ప్రోటీన్ పరీక్షలు వస్తే ఆ దారినే పోవాలి, రిపోర్టు తర్వాత చేరాలి. గ్లూకోమీటర్ అయితే ఆమె బల్ల మీద కూర్చుని ఉండగానే ఫలితం చెబుతుంది. పదో వారం ప్రాంతంలో తిన్న రెండు గంటలకు 110 దాటితే జాగ్రత్త మొదలుపెట్టాలని శేషయ్య బృందం తర్వాత ప్రతిపాదించింది. అదీ మామూలు షుగర్ పరీక్షే.

కాబట్టి కొత్త పరీక్ష కావాలనేవాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో, రక్తహీనత ఉన్న గర్భిణులను కూడా కలుపుకుని, ఇక్కడి 140 గీతతోనే దాన్ని ముందు పోల్చి చూపాలి. ఈలోగా జిల్లా అధికారులు బయటపెట్టాల్సిన లెక్క ఒకటుంది: మొదటి రాకలో గ్లూకోజ్ నీళ్లు తాగినవాళ్లు ఎందరు, వాళ్లలో రెండోసారి కూడా తాగినవాళ్లు ఎందరు.